ఉక్కు నగరం, తుప్పు డిక్కీ

రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం వచ్చిన కుర్రాడికి ఆర్నెల్లు తిరక్కుండానే సెకండ్ హ్యాండ్ స్పోర్టీ కారు మీదకు మనసు పోతుంది. తప్పు వాడిది కాదు, భీమిలి రోడ్డుది.

నోరూరించే సరుకుకు కొదవ లేదు. 2015లో వచ్చిన అబార్త్ పుంటోది 1.4 లీటర్ల టర్బో, 145 గుర్రాల బలం. తొక్కితే వీపు సీటుకు అతుక్కుంటుంది. కాకపోతే 2019కల్లా ఫియట్ ఇక్కడ కార్ల వ్యాపారానికే దణ్ణం పెట్టేసింది. ఇక స్పేర్ పార్టు దొరికిన రోజే పండగ. డీఎస్‌జీ గేర్ల పెట్టె ఉన్న పోలో జీటీ టీఎస్‌ఐ తీసుకుంటే ఏడు గేర్లూ వెన్నలా మారతాయి. ఆ పెట్టె మొరాయిస్తే మాత్రం మెకానిక్ ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత బిల్లు చెబుతాడు.

నాన్నగారి ఓటు ఆల్టోకే. చెప్పనక్కర్లేదు.

ఇంజిన్ సంగతి ఎవరైనా అడుగుతారు. బండి ఏళ్ల తరబడి ఎక్కడ నిలబడిందో అడిగేవాళ్లే తక్కువ. సముద్రానికెదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ కింద ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు. ‘సింగిల్ ఓనర్, డాక్టర్ గారు వాడిన బండి’ అన్న ప్రకటన చూసి వెళ్లినవాళ్లు డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి, అడుగు రేకును తాళంచెవితో గీకితే ఎర్రటి పొట్టు రాలుతుంది.

బ్రోకర్ కంగారుపడడు.

“బీచ్ ఇసుకండీ, దులిపితే పోద్ది!”