సూర్యలంకకు వంటల పట్టీ

గ్రీష్మతాపమును దాళజాలక, బాపట్లకు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంక తీరమున కేగి, పర్యాటక సంస్థవారి కుటీరములలో రెండునాళ్లు విశ్రమింపనెంచిన పొన్నూరు పెద్దలు, భోజనముల పట్టీ నిర్ణయించుటకై సమావేశమై, ఉలవచారా పప్పుచారా యను మహాప్రశ్నపైననే తొలి సాయంకాలమును వ్యయపఱచిరి. శనివారము నీచు ముట్టనివారికి గుత్తివంకాయయు, ముట్టువారికి రొయ్యల యిగురును, ఉభయపక్షములకును గోంగూరయు నని సంధి కుదిరినది. సముద్రపుటొడ్డున రొయ్యలు దొరకవేమో యని (దూరదృష్టి యన నిదియే!) పొన్నూరులోనే కొని ఐసుపెట్టెలో సర్దిరి. కొత్తావకాయ జాడీకి కారులో కిటికీప్రక్క స్థానము లభించెను, బామ్మగారికి లభింపలేదు. ఇంగువ మొదలు కరివేపాకు రెబ్బవఱకు సమస్తమును లిఖింపబడెను గాని, వండువా రెవరను గడి మాత్రము ఖాళీగా నుండెను. విశ్రాంతికై బయలుదేరిన యిల్లాండ్రు దానిని చదువకయే కొంగులు బిగించిరి.