తాతగారి అట్టపెట్టె, మనవడి కోటి లెక్క

అమెరికాలో అటక దులిపితే దుమ్ము రాలదట, డాలర్లు రాలతాయట. తాతగారు పోతారు. ఇల్లు అమ్మకానికి పెట్టేముందు మనవడు అటకెక్కి అట్టపెట్టె ఒకటి దించుతాడు. అందులో పాత బేస్‌బాల్ కార్డులు, పసుపు తిరిగిన బంతి, ఎండి బిగుసుకుపోయిన తోలు గ్లవ్. తాతగారి ఆస్పత్రి బిల్లుల నాడు ఫోనెత్తని చుట్టాలంతా ఆ సాయంత్రానికల్లా వాటాల లెక్కతో హాజరు.

వాళ్ల ఆశ బొత్తిగా గాలిలోది కాదు లెండి. బబుల్‌గమ్‌తో పాటు పిల్లలకు ఇవ్వడానికి 1952లో టాప్స్ కంపెనీ అచ్చేసిన మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. మనవైపు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు పోగేసినవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి నిట్టూర్చవచ్చు. 2012లో ఒహాయో రాష్ట్రంలోని డిఫయన్స్ అనే ఊళ్లో ఓ ఇంటి అటక మీద వందేళ్ల నాటి కార్డులు సుమారు 700 బయటపడ్డాయి. తొలి విడతగా వేలానికి పెట్టిన 37 కార్డులకే 5 లక్షల 66 వేల డాలర్లొచ్చాయి. దొరికినవాళ్లది వార్త. దొరకనివాళ్ల గురించి రాయాలంటే పేపరు చాలదు. అందుకే ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా దేశమంతటా నిచ్చెనలు లేస్తాయి.

ఆ మాంటిల్ బొమ్మకు అంత ధర ఎక్కడిది? అమ్ముడుపోని 1952 కార్డుల పెట్టెల్ని 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని టాప్స్ ఉద్యోగి సై బర్గర్ తానే చెప్పుకున్నాడు. మిగిలినవాటిని పిల్లలు సైకిలు చువ్వల మధ్య పెట్టి టపటపలాడించారు, రబ్బరుబ్యాండు బిగించి జేబుల్లో కుక్కారు. వాళ్లు కాలేజీకి వెళ్లగానే అమ్మలు గది ఊడ్చి చెత్తలో పోశారు. ఇన్ని చేతులు కలిసి కష్టపడి నాశనం చేస్తే గానీ మిగిలిన నాలుగింటికి విలువ రాలేదు. ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి పెట్టింది ఆ అమ్మలు. పైసా కమిషన్ ముట్టనిదీ వాళ్లకే.

తరవాతి తరం తెలివిమీరింది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు రంగంలోకి దిగాయి, 1989లో అప్పర్ డెక్ వచ్చింది. అచ్చుయంత్రాలకు ఊపిరాడలేదు. తండ్రులు సెట్లకు సెట్లు కొని, సీలు విప్పకుండా అటకెక్కించి, ‘ముట్టుకున్నావంటే ఊరుకోను, ఇది నీ కాలేజీ ఫీజు’ అని పిల్లలను అదిలించారు. అందరూ దాచారు, ఎవరూ పారేయలేదు. ఆ కాలపు సరుకును సేకర్తలు ఇప్పుడు ముద్దుగా ‘జంక్ వ్యాక్స్’ అంటారు. పాత కార్డు పారేసినవాడి పుణ్యాన బంగారమైంది, కొత్త కార్డు దాచినవాడి పాపాన చిత్తుకాగితమైంది. పెట్టె పట్టుకొచ్చిన మనవడితో దుకాణదారు ‘ఇరవై డాలర్లిస్తాను, పెట్టె గట్టిగా ఉంది’ అంటే అందులో వెటకారం వెతకక్కర్లేదు.

మనవడు ఊరుకుంటాడా! ‘ఇదే కార్డు ఆన్‌లైన్‌లో ఐదు వేలకు పెట్టారండీ’ అని ఫోన్ చూపిస్తాడు. పెట్టారు, నిజమే. పెట్టి మూడేళ్లయినా అది అక్కడే ఉంది, అదీ నిజమే. అడిగే ధరకు అదుపేముంది, నోటికొచ్చినంత అడగొచ్చు. లెక్కలోకి వచ్చేది ఎవరో ఒకరు జేబులోంచి తీసి ఇచ్చిన సొమ్ము. ఇన్సూరెన్సు కోసం వేయించిన విలువ పట్టుకుని అదే తన ఆస్తి అని మురిసేవాళ్లు ఇంకో రకం. ఆ వస్తువు పోతే మళ్లీ కొనడానికి ఎంతవుతుందో చెప్పేది ఆ కాగితం. అమ్మబోతే దానిలో సగం చేతికొచ్చినా గొప్పే.

ఇక బంతి. దాని మీద పది సంతకాలున్నాయని చుట్టాలు చిందులేస్తారు. భూతద్దం పెట్టి చూడండి. పదింటికీ ఒకటే సిరా, ఒకటే మందం, ఎక్కడా కలం నొక్కిన గుర్తు లేదు, గీత మీద గీత దాటిన చోట కూడా సిరా చిక్కబడలేదు. స్టేడియం బయట అమ్మే అచ్చుసంతకాల బంతి అది. అచ్చు కాకపోయినా ధైర్యం చాలదు. పెద్ద ఆటగాళ్ల తరఫున డ్రెస్సింగ్ రూమ్ కుర్రాళ్లు సంతకాలు గిలికి పెట్టడం ఆ ఆటలో పాత అలవాటే. 1990ల చివర ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకుంటే, ఆ సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది. ఆవిడ కలకత్తాలో ఏ టీముకు ఆడారో కొన్నవాడు అడగలేదు.

అనుమానం తీరాలంటే గ్రేడింగ్ కంపెనీ ఉందంటారు. ఫీజు పుచ్చుకుని, ఒకటి నుంచి పది దాకా మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తుంది. 1991లో పీఎస్ఏ కంపెనీ మొట్టమొదట గ్రేడు చేసిన కార్డు ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ వాటా పెట్టి కొన్న, పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ. మార్కులు ఎనిమిది. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. దాని అంచులు తానే కత్తిరించానని 2013లో బిల్ మాస్ట్రో అనే వేలందారు కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. కత్తెర పడిన కార్డుకు అంకె వేయకూడదన్నది ఆ కంపెనీ పెట్టుకున్న నియమమే. మనవడి కార్డుకు మాత్రం మూల నలిగిందని మూడు మార్కులు. ఫీజు పోను మిగిలేది ఆ ప్లాస్టిక్ డబ్బా.

కాబట్టి నాయనా, ఆ పెట్టె ధర పెరగాలని నిజంగా ఉంటే వాల్యుయేషన్లు మాని పక్కింటికి వెళ్లు. ‘ఈ చెత్తంతా ఎందుకండీ, పారేయరాదూ’ అని చెప్పు. తరవాత ఎదురింటికి, ఆ తరవాత పక్క రాష్ట్రానికి. దేశంలోని అటకలన్నీ ఖాళీ చేయించిన రోజున నువ్వు లక్షాధికారివి. ఒక్కటే చిక్కు: ఆ మాట చెప్పడానికి పక్కింటాయన ఇప్పటికే నీ ఇంటికి బయల్దేరి ఉంటాడు.