శ్రవణానందమునకు మూడు మిల్లీవాట్లు

కర్ణద్వయమును సృష్టించి చేతులు దులుపుకొనిన బ్రహ్మదేవుడు, ఆ కర్ణములకును వెలుపలి ప్రపంచమునకును నడుమ ఒక ఆంప్లిఫయరును, అంకెలను వోల్టేజిగా మార్చు ఒక డాక్‌ను అమర్చుట మరచెననియు, ఆ కొరత తీర్చు భారము తమపై బడినదనియు దృఢముగా విశ్వసించు మహనీయులు లోకమున పెక్కుమంది కలరు. వారిలో మా బావగారొకరు. ఆయన జర్మనీ దేశమందలి వోల్ఫ్స్‌బర్గ్ నగరమున కాపురముండి, సాఫ్టువేరు వృత్తిచే జీవించుచు, సంగీతముకంటె సంగీతము వినిపించు పెట్టెలచే ఎక్కువగా తరించుచున్నారు. మా అక్క ఆ యూరి కార్ల కర్మాగారమున ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. నేను వారింట శీతకాలము గడుపవచ్చిన అతిథిని. కావున ఈ వ్యాసములోని అభిప్రాయములు నావి, ఖర్చు మాత్రము బావగారిది.

ఊరిని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. 1938లో కార్లు చేయుటకొరకే పుట్టి, 1945లో నేటి పేరు ధరించిన నగరమిది. కాలువ యొడ్డున నాలుగు పొగగొట్టములతో నిలిచిన కర్మాగారపు విద్యుత్కేంద్రమే దీనికి గాలిగోపురము. ఇచ్చటి ఫోక్స్‌వాగన్ వారు కార్లతోపాటు తినెడి సాసేజిని గూడ 1973 నుండి తయారుచేయుచున్నారు. ఆ సాసేజికిని కారు విడిభాగమునకు వలెనే 199 398 500 ఏ అను సంఖ్య కలదు. భోజ్యపదార్థమునకే విడిభాగ సంఖ్య నొసగు పట్టణమున, మనుష్యుడైనవాడు పాట విని "బాగున్నది" అని తలయూపి ఊరకుండుట అనాగరికమని బావగారి మతము. ఎన్ని ఓములు, ఎన్ని డెసిబెళ్లు, ఎన్ని మిల్లీవాట్లు అని విచారించిన పిమ్మటనే తల యూపవలెను.

వారికి హెడ్‌ఫోనుల పిచ్చి పట్టుటకు కారణము రాగజ్ఞానము కాదు, రాజశాసనము. జర్మనీలో రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు ఇరుగుపొరుగులకు శబ్దబాధ కలిగింపరాదు. ఆదివారమంతయు అదే నియమము. ఆనాడు గోడకు మేకు కొట్టువాడు కులమునుండి వెలివేయబడినవానితో సమానుడు. దీనికి తోడు క్రింది యంతస్తున ఒక వృద్ధుడు కలడు. ఆయనకు తలుపుగంట వినబడదు గాని ఘంటసాల వినబడును.

కావున బావగారు స్పీకర్లకు నీళ్లు వదలి, 1997లో వెలువడి నేటికిని రసికుల మన్ననలందుకొనుచున్న సెన్‌హైజర్ హెచ్.డి. 600 అను హెడ్‌ఫోను నాశ్రయించిరి. దాని అవరోధము 300 ఓములు. ఆ సంఖ్యలోనే కథ యంతయు నిమిడియున్నది. లోపల మిక్కిలి సన్నని తీగను పెక్కు చుట్లు చుట్టుటచే కలిగిన యీ అవరోధము, విద్యుత్ప్రవాహమును కొంచెముగానే పుచ్చుకొని, వోల్టేజిని మాత్రము గట్టిగా కోరును. స్టూడియోలలోను రేడియో కేంద్రములలోను పెద్ద యంత్రములకు తగిలించుకొను వస్తువునకు ఇట్టి స్వభావము దోషము కాదు. జేబులో నిముడు టెలిఫోనుకు మాత్రము అది మోయరాని బరువు. పైగా 2016లో ఐఫోను 7 వెలువడినది మొదలు టెలిఫోనులకు చెవితీగ గ్రుచ్చుకొను రంధ్రమే క్రమముగా మాయమై, దాని స్థానమున చిటికెనవ్రేలంత తోక యొకటి అమ్మకమునకు వచ్చినది. ఆ తోకలోనే ఒక డాక్, ఒక ఆంప్లిఫయరు ఉండునని పలువురెరుగరు. ఆపిల్ వారు అమెరికాలో అమ్ము తోక సుమారు 1 వోల్టు నీయగా, చెవుల యారోగ్యమునకై కట్టుబాట్లు విధించిన ఐరోపాలో అమ్మునది అందులో సగమే యిచ్చును. వోల్టేజి సగమైన ధ్వని 6 డెసిబెళ్లు తగ్గును. అనగా, ఈ యూరికి సమీపమున నున్న హానోవర్ నగరము చెంత పుట్టిన హెడ్‌ఫోనును హానోవర్ చెంతనే వినగోరువానికి ఐరోపా చట్టమే అడ్డుపడినది. బావగారు తోక తగిలించి పాట పెట్టగా, గాయకుడు ప్రక్క వీధిలో ఎవరింటనో పాడుచున్నట్లు వినవచ్చెను.

ఇచ్చట ఆంప్లిఫయరు కొనుట న్యాయము, ధర్మము, అవసరము. అంతవరకు నేను బావగారి పక్షము. కాని యా యవసరము ఎంతయో లెక్కించి చూడుడు. 300 ఓముల హెడ్‌ఫోనుకు 1 వోల్టు నిచ్చినచో అది గ్రహించు విద్యుత్తు ఒక్కొక చెవికి 3 మిల్లీవాట్లకు కొంచెము పైచిలుకు. మన యిండ్ల పడకగదులలో రాత్రియంతయు వెలుగు పాతకాలపు 'జీరో వాట్' దీపము, పేరు సున్నయైనను, 15 వాట్లు మ్రింగెడిది. ఆ దీపము నార్పి, ఆ విద్యుత్తును పంచిపెట్టినచో ఇట్టి హెడ్‌ఫోనులు రెండువేలకు పైగా మ్రోగును. ఈ మూడు మిల్లీవాట్లను సమకూర్చుటకు నూరు యూరోలకు లోబడిన చిన్న పెట్టె యొకటి చాలును. బావగారు దానిని కొనిరి. పాట నిండుగా, స్పష్టముగా, ఎదుట కూర్చుండి పాడినట్లు వినవచ్చెను. కథ కంచికి పోవలసిన ఘట్టమది.

పోలేదు. చెడ్డ యంత్రమును కొనినవాడు విసిగి మానుకొనును. మంచి యంత్రమును కొనినవాడే, ఇంత మంచిది ఇంతకే దొరికినప్పుడు ఇంతకింత పెట్టినచో ఏమి దొరకునో యని నిద్ర మానుకొనును. బావగారు ముందుగా డాక్‌ను ఆంప్లిఫయరునుండి వేరుచేసిరి, కోడండ్ర పోరు పడలేక ఉమ్మడి కుటుంబము వేరుపడినట్లు. డాక్ మార్చు అంకెలెట్టివో చూడుడు. కాంపాక్టు డిస్కు నందలి పాట యనగా సెకండునకు 44,100 అంకెలు, ఒక్కొక చెవికి. ఒక్కొక యంకె 65,536 మెట్లలో ఏదో యొక మెట్టు. ఆ యంకెలను వరుస తప్పక, కాలము తప్పక చదివి వోల్టేజిగా వెలువరించుటయే దాని యుద్యోగము. నేడు చవుక యంత్రములు సైతము ఆ పనిని మన చెవికందని సూక్ష్మతతో నిర్వహించుచున్నవి. కాని బావగారు గడియారపు స్ఫటికముల గూర్చియు, యూ.ఎస్.బి. తీగలో ప్రవేశించు మాలిన్యమును గూర్చియు, మడి కట్టుకొనిన పురోహితుడు మైలను గూర్చి పలుకునంత భయభక్తులతో పలుకసాగిరి.

ఆపైన వెండితీగలు వచ్చినవి. ఆపైన 'పక్వము' అను సిద్ధాంతము వచ్చినది: క్రొత్త హెడ్‌ఫోను నూరు, రెండునూర్ల గంటలు మ్రోగినగాని గొంతు విప్పదట. ఆ కారణముచే రెండవ హెడ్‌ఫోనొకటి బట్టల అలమరలో, చొక్కాల నడుమ, వినువాడు లేక అహోరాత్రములు తనలో తాను పాడుకొనుచుండెను. ఆపైన వాల్వుల ఆంప్లిఫయరు వచ్చినది. మా తాతగారి వాల్వు రేడియో వేడెక్కువరకు వార్తలు సగమైపోవుచున్నవని మొరపెట్టి, ట్రాన్సిస్టరు వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టిన వంశము మాది. అట్టి వంశపు టల్లుడు, ఎప్పుడో చేసిన టెలిఫంకెన్ వాల్వును, అడుగున వజ్రపు గుర్తు కలదో లేదో భూతద్దముతో పరీక్షించి, జత కొని తెచ్చెను. ఆ వాల్వులవలన గదికి కొంత వెచ్చదనము కలిగినదని మాత్రము నేను ప్రమాణము చేయగలను.

ఎవరేని ఆక్షేపించినచో ఆయన స్థలపురాణము విప్పెదరు. ఆ పురాణము నిజమే గాన దానికి సమాధానము లేదు. గ్రామఫోను కనిపెట్టిన ఎమిల్ బెర్లీనర్ 1851లో పుట్టినది హానోవర్ నగరమున. వోల్ఫ్స్‌బర్గ్ నుండి వేగపు రైలులో సుమారు అరగంట. 1898లో డాయిచ్ గ్రామఫోన్ సంస్థ వెలసినది అచ్చటనే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు హానోవర్‌లో రికార్డులుగా అచ్చయి, ఓడలెక్కి మరల మనదేశము చేరినవి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారము లేచువరకు ఇదే పద్ధతి. ఫ్రిట్జ్ సెన్‌హైజర్ 1945లో ప్రయోగశాల పెట్టిన వెన్నెబోస్టెల్ గ్రామము హానోవర్ చెంతనే. 1982 ఆగస్టు 17న కాంపాక్టు డిస్కుల తయారీ మొదలైన లాంగెన్‌హాగెన్ గూడ హానోవర్ చెంతనే. "కాశిలో నుండి గంగలో మునుగకుండుటెట్లు?" అని బావగారి ప్రశ్న. మునుగుటకు ఇన్ని యూరోలేల యని నేనడుగలేదు, అతిథిని.

అడిగినది అక్క. ఒక ఆదివారము మధ్యాహ్నము ఆమె తన మల్టీమీటరు తెచ్చి, చిన్న పెట్టె యిచ్చు వోల్టేజియు, బావగారు తరువాత కొనిన పెద్ద పెట్టె యిచ్చు వోల్టేజియు సరిసమానముగా దిద్దెను. ఇది ముఖ్యము. రెండింటిలో నేది రవంత గట్టిగా మ్రోగినను, ఆ గట్టిదనమును చెవి గట్టిదనమని గుర్తింపక మాధుర్యమని పొరబడును. అంగడివాండ్ర మర్మము సగము ఇందులోనే యున్నది. అటుపిమ్మట రెండింటిపై తువ్వాలు కప్పి, "ఏమండీ, ఇప్పుడేది మ్రోగుచున్నదో చెప్పుడు" అని మార్చి మార్చి పలుమార్లు అడిగెను. బావగారు కన్నులు మూసిరి, తెరచిరి, మంచినీళ్లు త్రాగిరి, చెప్పిరి. సగము సరి, సగము తప్పు.

"ఇందులో మీ తప్పేమియు లేదు," అని అక్క ఓదార్చెను. "2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అను నిరువురు, ఎక్కువ సూక్ష్మత గల డిస్కులను, వానినే సామాన్య డిస్కు ప్రమాణమునకు దించిన ధ్వనిని పలువురకు వినిపించి 554 మార్లు పరీక్షించిరి. సరిగా చెప్పినది 276 మార్లు. బొమ్మా బొరుసా వేసినను అంతే వచ్చును."

బావగారు లేశమాత్రమును చలింపలేదు. "మీటరు చెప్పినదంతయు నమ్ముట కిది వేరొక ఊరైన బాగుండును. పరీక్షాశాలలో నొక తీరు, రోడ్డుమీద నొక తీరు ఉండవచ్చునని 2015లో డీజిలు కార్ల పొగ విషయమున లోకమునకంతకు చాటినది ఈ పట్టణమే గదా!" అనిరి. తన కర్మాగారపు చరిత్ర తన మీదికే తిరుగుటచే అక్క క్షణకాలము మౌనము వహించెను. వాదములో బావగారు గెలిచిన సందర్భము నాకు తెలిసి అదియొక్కటే.

కాని అక్క అంతటితో విడువలేదు. "ఇంతకును విన్న పాట యేది?" అని యడిగెను. 1957 నాటి మాయాబజారు చిత్రములోనిది. ఆ కాలపు మన చిత్రగీతములు ఏకధారలు. ఎడమచెవికి వేరు, కుడిచెవికి వేరు అను భేదము వానికి లేదు. పైగా ఫిలిముపై కాంతిరేఖగా ముద్రించు నాటి శబ్దమున 8,000 హెర్ట్‌జుల పైభాగమున పెద్దగా మిగులునది బుసయే. బావగారి తాజా యంత్రమో, ఎడమచెవికొక చిప్పు, కుడిచెవికొక చిప్పు, ఒకదాని గాలి యొకదానికి సోకకుండ నడుమ లోహపు గోడ గలది. అనగా, అక్షరాల అవే యంకెలను, సెకండునకు 44,100 చొప్పున, గోడకు ఇరువైపుల ఇద్దరు గుమాస్తాలు కూర్చుండి వేర్వేరుగా చదివి, ఒకే జవాబు చెప్పుచున్నారు. ఈ సంగతి అక్క వివరింపగా బావగారు గంభీరముగా ఆలకించి, "అయిననేమి, ఏ చెవికి చేయవలసిన మర్యాద ఆ చెవికి చేయవలదా?" అనిరి.

నా తీర్పు చెప్పెదను. పాట రుచికి మూలము మొదట రికార్డింగు, తరువాత హెడ్‌ఫోను. ఆంప్లిఫయరు హెడ్‌ఫోనుకు ఎంత వోల్టేజి కావలెనో అంత యిచ్చిన చాలును. డాక్ నిశ్శబ్దముగా నుండి లెక్క తప్పకున్న చాలును. 32 ఓముల హెడ్‌ఫోను గలవారిలో ననేకులకు తోకయే సరిపోవును. 300 ఓములవారు చిన్న పెట్టె నొకదానిని కొనుడు, రెండవదానిని మాత్రము అక్క వంటి వారి నడిగి కొనుడు. రెండు చిప్పుల యంత్రము రేపో మాపో నాలుగు చిప్పుల యంత్రమునకు చోటిచ్చు సూచనలున్నవి గనుక, వోల్ఫ్స్‌బర్గ్ ప్రాంతమున నివసించు తెలుగువారెవరైన నుండినచో, మొదటి చిన్న పెట్టె సగము ధరకు దొరకును. దానియం దే లోపమును లేదు.