దండం మీకు, దండుకునేది మేము!

ఆస్ట్రేలియాలో చాలా సభలు ఒక దండకంతో మొదలవుతాయి. ఈ నేలకూ, ఈ నీళ్లకూ అసలు యజమానులైన ఆదివాసులకు వందనం. గతించిన పెద్దలకు వందనం, ఉన్న పెద్దలకు వందనం. పార్లమెంటులో చదువుతారు, బడిలో చదువుతారు, కంపెనీ వాటాదారుల సభలోనూ చదువుతారు. విమానం దిగేటప్పుడు మైకులోనూ వినిపిస్తారు. ఎంత వినయం! ఎంత మర్యాద!

ఆ తర్వాత? అజెండాలోకి వెళ్తారు. ఆ యజమానుల సముద్రంలో గ్యాస్ బావి ఎక్కడ తవ్వాలి, గొట్టం ఏ దారిన వేయాలి. వందనం అయిపోయింది కదా, ఇక పని కానివ్వండి!

యజమాని అంటే ఎవరండీ? దండం పెట్టించుకునేవాడా, తాళం చెవి చేతిలో ఉన్నవాడా?

ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్ ఉంది. అక్కడి యోల్ంగు జనానికి ఒడ్డుతో నేల ఆగిపోదు. ఏ పాయ ఏ వంశానిది, ఏ రాతి దగ్గర ఏ పాట పాడాలి, ఎవరు అడుగు పెట్టాలి, ఎవరు పెట్టకూడదు అన్నీ తరతరాల లెక్క. 1996లో ఆ తీరంలో, గర్రంగలి అనే పవిత్ర స్థలంలో, బారముండి చేపల కోసం దొంగచాటుగా వేసిన మకాం ఒకటి బయటపడింది. బారముండి అంటే మరేదో కాదు, మన పండుగప్పే. అక్కడ ఒక గోనెసంచి. అందులో నరికిన మొసలి తల. మొసలే ఆ చోటు యజమానులైన వంశానికి మూలపురుషుడు.

వాళ్లు కర్రలు పట్టుకున్నారా? లేదు, కుంచెలు పట్టుకున్నారు. జంబావా మరావిలి అనే పెద్దమనిషి పూనుకుంటే 47 మంది చిత్రకారులు చెట్టు బెరడు మీద 80 బొమ్మలు గీశారు. అవి గోడకు వేలాడదీసే అలంకారాలు కావు, సముద్రానికి పట్టాదారు పాసుపుస్తకాలు. ఆ ఆధారాలతోనే కోర్టుకెక్కారు. 2008 జూలై 30న ఆస్ట్రేలియా సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆదివాసుల భూమిని ఆనుకుని ఆటుపోట్ల మధ్య ఉండే నీళ్లలోకి వాళ్ల అనుమతి లేకుండా ఎవరూ చేపలకు దిగకూడదు. ఆర్నెమ్ ల్యాండ్ ఉన్న నార్తర్న్ టెరిటరీ తీరంలో దాదాపు 80 శాతానికి ఈ తీర్పు వర్తిస్తుంది.

గెలిచారు కదా, ఇక పండగే అనుకున్నారా? అంత సీను లేదు. ఏర్పాట్లు చేసుకోవాలి, కాస్త గడువివ్వండి అన్నారు పాలకులు. అలా గడువు మీద గడువు పదేళ్లు దాటింది. అన్నాళ్లూ జాలర్లను పైసా తీసుకోకుండా రానిచ్చింది ఎవరు? ఆ యజమానులే! ఇక ఆటుపోట్ల గీత దాటితే ఆ మాత్రం హక్కూ లేదు. సముద్రం మీద మీకు హక్కుంది, కాని ఎవరినీ ఆపే హక్కు లేదని క్రోకర్ దీవి కేసులో 2001లోనే తేల్చేశారు. ఇల్లు మీదే, తలుపు మాత్రం వేయకూడదు. భలే న్యాయం!

బెరడు మీద రాసివ్వడం యోల్ంగులకు కొత్త కాదు. 1963లోనే, బాక్సైట్ గని వద్దంటూ, బెరడు మీద అర్జీ పెట్టారు. గని ఆగలేదు. అర్జీని మాత్రం పార్లమెంటు భవనంలో భద్రంగా ప్రదర్శనకు పెట్టుకున్నారు. సముద్రం కేసు నాటి 80 బొమ్మలూ ఇప్పుడు జాతీయ సముద్ర మ్యూజియంలో ఉన్నాయి. దొరలకు బొమ్మ ముద్దు. అందులో రాసిన సంగతే చేదు.

ఆర్నెమ్ ల్యాండ్ నుంచి పడమరగా పోతే టివి దీవులు. వాటికి అవతల బరోసా గ్యాస్ క్షేత్రం. శాంటోస్ అనే కంపెనీకి తవ్వడానికి అనుమతి వచ్చేసింది. మరి దీవి పెద్దల్ని అడిగారా? ఓ, సంప్రదించాం కదా అన్నారు. ఎలాగయ్యా అంటే, భూమి మండలి ఆఫీసుకు ఈమెయిళ్లు పంపారట! సముద్రం నా తాతముత్తాతలది, నన్ను అడగలేదేం అని డెనిస్ టిపకలిప్ప అనే పెద్దాయన కోర్టుకు వెళ్లాడు. జడ్జిగారే దీవికొచ్చి పాట విన్నారు, ఆట చూశారు. 2022 సెప్టెంబరులో అనుమతి కొట్టేశారు. డిసెంబరులో అప్పీలు కోర్టూ సరేనంది.

అయితే తవ్వకం ఆగిపోయిందా? ఆగింది, కొన్నాళ్లే! మళ్లీ సంప్రదించారు, మళ్లీ అనుమతి తెచ్చుకున్నారు. గ్యాస్ గొట్టం మీద వేసిన ఇంకో కేసులో 2024 జనవరిలో దీవివాసులు ఓడిపోయారు. వాళ్ల తరఫు నిపుణుల సాక్ష్యం పనికిరాదని జడ్జి గట్టిగానే చీవాట్లు పెట్టారు. పెట్టనివ్వండి, తప్పు జరిగితే తప్పే. చివరికి వాళ్ల తరఫున వాదించిన న్యాయసంస్థ 90 లక్షల డాలర్లు కట్టడానికి తలొగ్గింది. ఈమెయిలు పంపి ఊరుకున్న కంపెనీ మాత్రం 2025లో గ్యాస్ తీయడం మొదలుపెట్టింది.

పడమటి తీరంలోని మురుజుగా కథ మరీ ముచ్చట. పది లక్షలకు పైగా రాతి చెక్కడాలున్న చోటు అది. సముద్రం పైకొచ్చి ముంచేసిన పాత తీరంలో, నీటి అడుగున రాతి పనిముట్లు కూడా దొరికాయని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పక్కనే గ్యాస్ కర్మాగారం. 2025 జూలైలో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. సర్కారువారు చప్పట్లు కొట్టారు. అదే ఏడు సెప్టెంబరులో ఆ గ్యాస్ ప్రాజెక్టుకు 2070 దాకా పొడిగింపు ఇచ్చిందెవరు? ఆ సర్కారే! చప్పట్లు కొట్టిన చేత్తోనే సంతకం.

ఇవన్నీ పెద్ద పెద్ద గ్యాస్ సంగతులు. కడుపు సంగతి చూద్దామా? న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలో యుయిన్ జనం వేల ఏళ్లుగా అబలోన్ తింటున్నారు. రాతికి కరుచుకుని ఉండే పెద్ద నత్త అది. ఒకప్పుడు తెల్లదొరలు దాన్ని చూసి ముక్కు మూసుకునేవారు. ఆసియా బజారులో రేటు పలకగానే అది బంగారమైపోయింది. లైసెన్సులొచ్చాయి, కోటాలొచ్చాయి, జరిమానాలొచ్చాయి, జైళ్లొచ్చాయి. నేరమేమిటి? తాత తిన్నదే మనవడూ తిన్నాడు!

పాపం తగిలిందేమో, 2009లో ఆ రాష్ట్ర చట్టసభ చట్టం చేసింది. ఆదివాసులు తమ ఆచారం ప్రకారం పట్టుకుంటే మామూలు పరిమితులు వర్తించవంది. భేష్! కాని అమలు తేదీ ప్రకటించలేదు. 2022లో ఎగువసభ కమిటీయే అమలు చేయండి మహాప్రభో అని సిఫారసు చేసింది. పదిహేనేళ్లు గడిచినా ఆ సెక్షన్ నిద్ర లేవలేదు. జీవో ఇచ్చి అటకెక్కించడం మన సచివాలయాల సొత్తే అనుకున్నాం. అక్కడ ఏకంగా చట్టాన్నే ఎక్కించారు!

కనీసం ఆదివాసుల మాట వినడానికి రాజ్యాంగంలో ఒక వేదికైనా పెడదామని 2023 అక్టోబరులో రెఫరెండం పెట్టారు. నూటికి 60 మంది వద్దన్నారు. ఆ తర్వాత సభల్లో దండకం ఆగిందా? యథావిధిగా చదివారు!

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న తెలుగువాళ్లూ, ఈ మాట మీకే. అక్కడ పౌరులకు ఓటు తప్పనిసరి. దీపావళి సభకు ఎంపీగారు వస్తారు, శాలువా కప్పించుకుంటారు, వందనం చదువుతారు. ఆయన మైకు దించగానే ఒక్క ప్రశ్న అడగండి: ఆదివాసులు వద్దంటే మీరు ఆగుతారా? సమాధానం 'ఆగం' అయితే శాలువా వెనక్కి తీసుకోండి. వద్దు అనే హక్కు లేనివాణ్ణి యజమాని అనరు.