ఇరవై ఐదులోంచి ఏడు తీసేస్తే

మాధవరంలో నా షాపుకు వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా ఇంతవరకు "నీ కంప్యూటర్లో లిబ్రెఆఫీస్ ఎన్నో వెర్షను?" అని అడిగిన పాపాన పోలేదు. ఆధార్ జిరాక్సు అడుగుతారు, పాస్‌పోర్టు ఫోటో అడుగుతారు, ఆదోని మార్కెట్ యార్డు పత్తి చీటీ మీద పేరు తప్పు పడింది ఏం చెయ్యాలంటారు. రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఇవే కన్నడలో అడుగుతారు. వెర్షను మాత్రం ఎవరికీ పట్టదు. అయినా సరే, ఆ అంకె కోసమే బంగారంలాంటి సిస్టమును నా చేతులారా పాడు చేసుకున్నాను.

చెప్తా, వినండి. నవ్వినా ఏమనుకోను. ఫోన్లో ఏ యాప్‌కు ఎందుకో చూడకుండా 'అప్‌డేట్ ఆల్' నొక్కేవాళ్లే కదా మీరూ.

నాది రెండు జీబీ ర్యామున్న ముసలి డెస్క్‌టాప్. ఆదోనిలో సెకండ్‌హ్యాండులో కొన్నా. దాంతో వచ్చిన విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే మంగళం పాడింది. విండోస్ 10 వేస్తే, స్టార్ట్ బటన్ నొక్కి, ఎదురుగా హోటల్లో ఉగ్గాని బజ్జీ తిని, చేతులు కడుక్కుని వచ్చేసరికి మెనూ తెరుచుకునేది. విండోస్ 11 మాట ఎత్తొద్దు, దానికి కనీసం నాలుగు జీబీ ర్యాము, పైగా టీపీఎం 2.0 చిప్పు కావాలంట. చివరికి యాంటీఎక్స్ 23 అనే తేలికపాటి లినక్సు వేశాను. పెన్‌డ్రైవులోంచి లేచింది. ఖాళీగా ఉన్నప్పుడు రెండు వందల ఎంబీ చిల్లర మాత్రమే తింటుంది. నిజం చెప్పాలంటే నాకంటే చురుగ్గా తయారైంది. తెలుగు కోసం పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు ఒక్క ప్యాకేజీ పేరు కొడితే వచ్చేశాయి. ఏడాదిన్నరపాటు హాయిగా లిబ్రెఆఫీస్‌లో అర్జీలు టైపు చేశాను, జింప్‌లో ఫోటోలు కత్తిరించాను. మనిషికి అంత సుఖం పనికిరాదు.

ఈ యాంటీఎక్స్ నిలబడింది డెబియన్ 12 అనే లినక్సు పునాది మీద. ఆ డెబియన్ 2023 జూన్ 10న, 64,419 ప్యాకేజీలతో బయటికొచ్చింది. 'స్టేబుల్' అని ముద్ర పడిందంటే ఇంక ఆ వెర్షన్లు దాదాపు అక్కడే ఆగుతాయి. బ్రౌజరు లాంటి ఒకటి రెండింటిని వదిలేస్తే, కొత్త హంగులేవీ రావు, కన్నాలు పూడ్చే మరమ్మతులు మాత్రం వస్తుంటాయి. అందుకే విడుదల నాడు లిబ్రెఆఫీస్ 7.4 ఉంటే రెండేళ్ల తర్వాత కూడా 7.4 అనే కనిపిస్తుంది. మన కర్నూలు సోనా బియ్యం పాతబడేకొద్దీ ధర ఎందుకు పెరుగుతుందో తెలిసిన నాకు ఇందులో తప్పేం కనబడలేదు. 2025 ఉగాది వరకు కనబడలేదు.

ఉగాదికి బెంగళూరు నుంచి బావమరిది వచ్చాడు. మంచివాడే. సాఫ్టువేరులో ఉన్నాడన్న ఒక్క దోషం తప్ప. బొబ్బట్లు తిని షాపుకొచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, లిబ్రెఆఫీస్‌లో హెల్ప్ మెనూ తెరిచాడు. పరాయి ఇంట్లో బీరువా తెరిచినట్టు చూశాడు.

"ఏం బావా, ఇంకా 7.4లోనే ఉన్నావా? నాది 25.2."

అంతే. వాడు మాటవరసకు అన్నాడు, నేను మనసుకు తీసుకున్నాను. ఇరవై ఐదులోంచి ఏడు తీసేస్తే పద్దెనిమిది. మహాభారతానికి ఎన్ని పర్వాలో అన్ని వెర్షన్లు వెనకబడ్డానన్నమాట! పోతూపోతూ "జింప్ కూడా 3 వచ్చేసింది బావా, నీది ఇంకా 2.10 ఉన్నట్టుందే" అని ఇంకో పుల్ల వేసి వెళ్లాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అదేంటని ఇంట్లో అడిగితే ఎండలన్నాను.

శ్రీరామనవమి ఆ ఏడాది ఆదివారం వచ్చింది. గుళ్లో పానకం తాగి, రాత్రి షాపు షట్టరు సగం దించి, సోర్సెస్ లిస్టు ఫైలు తెరిచాను. కంప్యూటరు తన ప్యాకేజీలను ఎక్కడినుంచి తెచ్చుకోవాలో రాసుండే ఫైలది. అందులో డెబియన్ 'సిడ్' చిరునామా ఒక లైను కలిపాను. డెబియన్ వాళ్లు తమ విడుదలలకు టాయ్ స్టోరీ సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు; మొదట్లో ఆ ప్రాజెక్టును నడిపిన బ్రూస్ పెరెన్స్ పిక్సార్‌లో పనిచేసేవాడు, ఆ అలవాటు అక్కడిది. సిడ్ ఎవరంటారా? మొదటి సినిమాలో పక్కింటి పిల్లోడు. బొమ్మ దొరికితే చాలు, విరగ్గొట్టేవాడు. ఎప్పటికీ స్థిరపడని కొత్త ప్యాకేజీల అరకు ఏరికోరి వాడి పేరే పెట్టారు. ఇంతకంటే మర్యాదగా హెచ్చరిక ఎవరిస్తారు? నేను మాత్రం ఆ పేరు భలే ముద్దుగా ఉందనుకున్నాను.

లిబ్రెఆఫీస్ ఒక్కటే అడిగాను, నన్ను నమ్మండి. కానీ కొత్త లిబ్రెఆఫీస్ కొత్త లైబ్రరీలు కావాలంది, అవి వాటికింద ఉన్నవి కావాలన్నాయి. అలా దిగి దిగి అన్నిటికీ అడుగున ఉండే గ్లిబ్‌సీ దాకా పోయింది. నా దగ్గరున్నది 2.36, సిడ్‌లో ఉన్నది 2.41. డౌన్‌లోడు మొదలైంది. సగంలో నా ఫోన్ హాట్‌స్పాట్‌లో ఆ రోజు డేటా అయిపోయింది. అది రాఘవేంద్రస్వామి ఇచ్చిన అవకాశం. మంత్రాలయం ఎంత దూరమని, పక్కనే కదా, ఆయనకు నా మీద దయ ఉండే ఉంటుంది. నేనేం చేశాను? ఇంటికి పోయి, సీరియల్ చూస్తున్న మా ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కొచ్చాను.

తర్వాత తెర మీద ఒక జాబితా వచ్చింది. కొత్తగా వచ్చేవి, మారేవి, ఆ కింద తీసేయబోయేవి. తీసేయబోయేవాటి వరస పొడవు చూసి ఒక్క క్షణం గుండె జారింది. కానీ వాటిలో చాలావరకు కొత్తగా వచ్చేవాటిలోనూ ఉన్నాయి, చివర్న టీ64 అని తోకతో. ఓహో, పేర్లే మారుతున్నాయి, ఇల్లు మారట్లేదు, అనుకున్నాను. అది నిజమే కూడా. పాత 32 బిట్ల లెక్కలో గడియారం 2038 జనవరి 19న పొంగి వెనక్కి తిరుగుతుంది. ఆ గండం దాటడానికి డెబియన్ వాళ్లు 2024లో బోలెడు లైబ్రరీల పేర్లకు ఆ తోక తగిలించారు. ఆ తోకల గుంపులో, తోక లేకుండా, లాగిన్ తెర చూపే ప్రోగ్రామూ యాంటీఎక్స్ సొంత సరుకు కొంతా కూడా ఉన్నాయి. చదివుంటే కనబడేవి. నేను చదవలేదు. కొనసాగించాలా అని అడిగింది, పెద్ద వై, చిన్న ఎన్. పెద్దది నొక్కాను. తెర నిండా అక్షరాలు పరుగెత్తాయి, నేను సినిమాలో హ్యాకరులాగా కుర్చీలో వెనక్కి వాలి చూశాను, మధ్యలో ఏదో ఎర్రగా మెరిసింది, పట్టించుకోలేదు, అయిపోయింది, రీస్టార్ట్ చెయ్యాలని ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను, లోగో వచ్చింది, పోయింది, నల్ల తెర, మూలన తెల్లగా లాగిన్ అనే మాట, పక్కన మినుకుమినుకుమని గీత. డెస్క్‌టాప్ లేదు. మౌసు బాణం లేదు. లిబ్రెఆఫీస్ 25.2 మాత్రం లోపల ఎక్కడో దివ్యంగా ఉంది, దాన్ని చూసే కన్నే లేదు.

ఇంత ఘనకార్యం చేసి ఇంటికి పోయి నిద్ర కూడా పోయాను. పొద్దున్నే అదే సర్దుకుంటుందని. మీకూ ఉంటుంది ఈ నమ్మకం, బుకాయించొద్దు.

సోమవారం పొద్దున షట్టరు తీయకముందే ఒక పెద్దాయన నిలబడున్నాడు. సోమవారమంటే ఆదోని సబ్‌కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. పట్టాదారు పాసుపుస్తకంలో ఆయన ఇంటిపేరు తప్పుపడింది. అర్జీ టైపు చేయించుకుని బస్సెక్కాలి. నేను సిస్టము పెట్టాను. నల్ల తెర.

"ఏమప్పా, టీవీ చెడిపోయిందా?"

"లేదు పెద్దాయనా, అప్‌డేట్ అయితా ఉంది."

"అంటే?"

"అంటే... బాగయితా ఉంది."

ఆయన నల్ల తెరనీ నన్నూ మార్చిమార్చి చూశాడు. బస్సు టైమైపోతోంది. చేసేది లేక ఆయన్ను వెంటబెట్టుకుని ఎదురు షాపుకు పోయాను. అవును, నేను వారానికోసారి "వాడిదింకా విండోస్ 7, వైరస్‌ల పుట్ట" అని కస్టమర్లకు చెప్పే అదే షాపు. అతని మెషీన్లో అనూ ఫాంట్లు, పేజ్‌మేకరు. నేనే టైపు చేస్తానని బింకంగా కూర్చున్నా, ఇన్‌స్క్రిప్టుకు అలవాటు పడ్డ వేళ్లు అనూ కీబోర్డు మీద ఒత్తుల దగ్గర తడబడి 'సబ్‌కలెక్టరు' అన్న మాటను నోరు తిరగని మాటగా మార్చాయి. ఆ అబ్బాయి ఒక్క మాట అనకుండా నన్ను పక్కకు జరిపి, టీ తాగుతూ ఒక చేత్తో అర్జీ కొట్టి ఇచ్చాడు. "ఏమైందన్నా సిస్టముకు?" అన్నాడు నవ్వాపుకుంటూ. "లేటెస్ట్ వెర్షన్ వేస్తున్నా" అన్నాను గంభీరంగా. డబ్బులు నేనే ఇచ్చాను. పెద్దాయన వెళ్తూ వెళ్తూ అన్నాడు: "ఈసారి ఈడికే వస్తాలేప్పా, నీకెందుకు తిప్పలు."

ఆ మధ్యాహ్నం కస్టమర్లు లేని షాపులో, ఫోన్లో వెతుక్కుంటూ కొన్ని విషయాలు తెలుసుకున్నాను. మొదటిది నన్ను ఎక్కువ ఏడిపించింది. లిబ్రెఆఫీస్‌కు ఎనిమిదో వెర్షను లేదు. తొమ్మిదీ లేదు, పదీ లేదు. 2023లో 7.6 వచ్చాక వాళ్లు సంవత్సరం, నెల బట్టి అంకె పెట్టడం మొదలుపెట్టారు. 2024లో వచ్చింది 24.2. బావమరిదిది 2025 ఫిబ్రవరిది, అందుకే 25.2. నాకూ వాడికీ మధ్య తేడా పద్దెనిమిది కాదు, ఐదు విడుదలలు. నేను క్యాలెండరును చూసి కుళ్లుకున్నాను.

రెండోది, నేను ముసలిదని చీదరించుకున్న ఆ 7.4 వెర్షను పూర్తి పేరు చివర డెబ్12యు అని ఒక తోక, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. భద్రతా మరమ్మతు జరిగినప్పుడల్లా పెరిగేది ఆ చివరి అంకె. డెబియన్ వాళ్లు కొత్త వెర్షన్లోని మందును తెచ్చి పాతదానికే పూస్తున్నారు. నేను ముందు అంకెనే చూశాను. పెళ్లిచూపుల్లో కూడా నేనింతే.

మూడోది, స్టేబుల్‌కు సరిపోయేలా కొన్ని కొత్త ప్యాకేజీలను మళ్లీ కట్టి ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ అనే రాజమార్గం ముందే ఉంది. స్టేబులూ సిడ్డూ కలిపి కలగూరగంప చేసిన మెషీన్లకు డెబియన్ వాళ్లు ఏకంగా పేరే పెట్టారు, ఫ్రాంకెన్‌డెబియన్ అని. పేరు పెట్టాల్సి వచ్చిందంటే ఆ పని చేసినవాడిని నేనొక్కడినే కాదనేగా. ఆ ఒక్కటే ఓదార్పు.

ఇంకో ఓదార్పు కూడా దొరికింది. 2021 నవంబరులో లైనస్ సెబాస్టియన్ అనే కెనడా యూట్యూబరు, కోటిమందికి పైగా చూసే ఛానెలున్నవాడు, పాప్ ఓఎస్ అనే లినక్సులో స్టీమ్ అనే ప్రోగ్రాము వేయబోయి డెస్క్‌టాపును ఊడబెరుక్కున్నాడు. 'యెస్, డూ యాజ్ ఐ సే' అని పూర్తి వాక్యం టైపు చేస్తే తప్ప కానివ్వనని మెషీను మొండికేసినా, బుద్ధిగా టైపు చేశాడు. అక్కడ ప్యాకేజీలోనూ లోపముంది. నాకు ఆ సాకు కూడా లేదు. ఆ తర్వాత, ప్యాకేజీలను వేసే తీసే ఆప్ట్ అనే ప్రోగ్రామును రాసేవాళ్లు కాపలా ఇంకా బిగించారు గానీ, ఆ కాపలా అత్యవసర ప్యాకేజీలకే. డెస్క్‌టాపు లేకున్నా మెషీను బతుకుతుంది. బతకలేనిది నేనే.

వెనక్కి పోయే నమ్మకమైన దారి అప్పటికి ఆప్ట్‌లో లేదు. పెన్‌డ్రైవు పెట్టి, ఫైళ్లు కాపీ చేసుకుని, యాంటీఎక్స్ 23 మళ్లీ మొదటినుంచి వేశాను. ఇంట్లో డేటా అంతా ఏమైందని అడిగారు. రామనవమి భజనలు డౌన్‌లోడు చేశానన్నాను.

2025 ఆగస్టు 9న డెబియన్ 13 వచ్చింది. అందులో లిబ్రెఆఫీస్ వెర్షను ఎంతో తెలుసా? 25.2. నాలుగు నెలలు ఓర్చుకునుంటే అదే నడుచుకుంటూ వచ్చేది. అదే నెలలో లిబ్రెఆఫీస్ వాళ్లు 25.8 వదిలారు, అది వేరే సంగతి.

పెద్దాయన ఇంటిపేరు సరి అయిందంట, ఎదురు షాపులో మిఠాయి పంచిపోయాడు. నాకూ ఒకటి పంపించాడు ఆ అబ్బాయి. ఇప్పుడు నా సిస్టములో 7.4 ఉంది, చక్కగా నడుస్తోంది. సోర్సెస్ లిస్టులో సిడ్ లైను కూడా మళ్లీ రాసిపెట్టుకున్నాను. కంగారు పడకండి, ముందు హ్యాష్ గుర్తు ఉంది, కంప్యూటరు ఆ లైనును పట్టించుకోదు. దసరాకు బావమరిది వస్తానన్నాడు, అందుకని.