కాంటా మీద గోబి పువ్వు

కార్తీకంలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోవాలంటే బండి నడపడం వస్తే చాలదు, వడ్లు తొక్కకుండా నడపడం రావాలి. తాడ్వాయి దాటినప్పటి నుంచి రోడ్డు సగం వడ్లకే. మిగిలిన సగంలో లారీలు, ఆర్టీసీ బస్సులు, మేకలు, నేను. లింగంపేట దగ్గర ఒక పెద్దమనిషి నా బండిని ఆపి, టైరుకు అంటిన నాలుగు గింజలు చేత్తో దులిపి కుప్పలో వేసుకున్నాడు. అప్పుడు గాని నన్ను పోనియ్యలేదు.

ఇన్ని వడ్లు దాటుకుంటూ నేను పోతున్నది మా బావ ఇంటికి. బండికి తగిలించిన సంచిలో నాలుగు గోబి పువ్వులున్నాయి.

బావకు పోచారం కాల్వ కింద మూడెకరాల వరి. నేను పోయేసరికి కల్లంలో నూట ఎనభై బస్తాల వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇంట్లో మాత్రం గింజ ఉడకడం లేదు. ముందు రోజు ఫోన్ చేసి చెప్పాడు: "బామ్మర్దీ, కామారెడ్డి మార్కెట్ల మంచి గోబి పువ్వులు పట్కరా. ఇక్కడియి పురుగులున్నయ్. బియ్యం వండుకోవాలె."

గోబి పువ్వుతో బియ్యం ఏంది బావా అని అడిగితే, "నీకు దెల్వదులే" అన్నాడు. నాకు తెలియదన్న మాట ఆయన నోటి నుంచి వచ్చిందంటే కొత్త పథ్యం మొదలైందని అర్థం.

బావకు సుగరు వచ్చి ఎనిమిదేళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో ఆయన మింగిన గోలీల కన్నా మార్చిన పథ్యాలే ఎక్కువ. 2018లో విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారి గాలి వీచింది. అన్నం బంద్. రోజుకు డెబ్బై గ్రాముల పైచిలుకు కొబ్బరి నూనెనో నెయ్యినో, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. డాక్టర్లు వద్దంటున్నా ఫంక్షన్ హాళ్ళు నిండిన రోజులవి. మా అక్క దీపానికి కొన్న కొబ్బరి నూనె కూడా బావ కడుపులోకే పోయింది. ఆ తర్వాత ఖాదర్ వలి గారి సిరిధాన్యాలు. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, కొర్రల ధర బియ్యం ధరను తలదన్నింది. పేదోళ్ళ తిండి పెద్దోళ్ళ తిండి కావడానికి పట్టే కాలం ఒక తరం. ఇప్పుడు మూడో అవతారం. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొలువు చేసే మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. అందులో గోబి పువ్వు అన్నమైంది, సొరకాయ నూడుల్స్ అయింది, క్యాబేజీ ఆకు చపాతీ అయింది. బావ దాన్ని మూడుసార్లు చూశాడట. వరి తెగుళ్ళ వీడియో ఒకసారి కూడా పూర్తిగా చూడలేదని అక్క ఫిర్యాదు.

ఇక వంటింట్లో ఏం జరిగిందో చెప్పాలి. అక్క గోబి పువ్వును వేడి ఉప్పునీళ్ళలో ముంచి తీసింది. కాడలు కోసి అవతల పెట్టింది. తర్వాత కొబ్బరి కోరే తురుము పీట మీద రాయడం మొదలుపెట్టింది. మొదటి పువ్వుకు ఓపిక ఉంది, రెండో పువ్వుకు బొటనవేలు తెగింది, మూడో పువ్వుకు మిక్సీ వచ్చింది. మిక్సీలో ఒక్క తిప్పు ఎక్కువైతే రవ్వ కాదు, చట్నీ అవుతుంది. అయింది. దాన్ని పాత ధోతి గుడ్డలో పోసి, ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండితే గిన్నె సగానికి నీళ్ళు దిగాయి. మూకుట్లో వేసి మూత పెట్టకుండా వేయించాలని వీడియోలో చెప్పారు. అక్క అలవాటు కొద్దీ మూత పెట్టింది. మూత తీసేసరికి ఇల్లంతా ఒక వాసన. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి "గ్యాసు లీకయితున్నదా అక్కా?" అని అడిగింది.

పళ్ళెంలో పడ్డాక చూస్తే, దూరం నుంచి అన్నమే. కళ్ళజోడు తీసేస్తే మరీ అన్నం. బావ దాని మీద పచ్చిపులుసు పోసుకున్నాడు. అన్నం పులుసును పీల్చుకుంటుంది. ఇది పీల్చుకోకపోగా తన నీళ్ళు కూడా అందులోకి వదిలింది. పళ్ళెం ఒక చిన్న నిజాంసాగర్ అయింది. బావ చేత్తో కట్ట కట్టబోయాడు, కట్ట తెగింది, చెంచా అడిగాడు. మా బావకు యాభై ఏడేళ్ళు, ఆయన చెంచాతో తినగా నేను చూడడం అదే మొదటిసారి.

ఇక్కడే నాకు కొనుగోలు కేంద్రం గుర్తొచ్చింది. వడ్లలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. మిషన్‌లో గుప్పెడు వడ్లు పోస్తారు, 18 అని చూపిస్తుంది, "ఇంకో రెండొద్దులు ఆరబెట్టుకో పటేలా" అంటారు. ఆ రెండొద్దుల్లో మబ్బు పడుతుంది. ఆ మీద తాలు, మట్టి, తరుగు. ఇట్లా గింజకు ఇన్ని పరీక్షలు పెట్టే దేశంలో గోబి పువ్వు ఏ పరీక్షా రాయకుండానే బియ్యం ఉద్యోగంలో చేరిపోయింది. గోబి పువ్వులో తేమ ఎంతో తెలుసా? సుమారు 92 శాతం. కాంటా దగ్గరికి తీసుకుపోతే తేమ మిషన్ సెలవు పెడుతుంది. బావకు ఇది చెప్తే నవ్వలేదు. ఆయన వడ్లు ఆ వేళ కూడా 18 దగ్గరే ఆగాయి.

ఎగతాళి పక్కన పెడితే లెక్క అబద్ధం కాదు. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. అదే తూకం గోబి పువ్వులో 5 గ్రాములే. సుగరు ఉన్న మనిషికి ఇది చిన్న తేడా కాదు. మన దేశంలో సుగరు ఉన్నోళ్ళు 10 కోట్ల పైన అని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. మనం తినే తిండిలో శక్తి 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నదని అదే సర్వే ఆ తర్వాత తేల్చింది. కాబట్టి గోబి పువ్వును తిట్టడం నా ఉద్దేశం కాదు. దానికి బియ్యం పేరు ఎందుకు పెట్టారన్నదే నా పేచీ.

ఈ పేచీ నాకొక్కడికే రాలేదు. అమెరికాలో ఆర్కన్సా అని ఒక రాష్ట్రం ఉంది. ఆ దేశంలో పండే వడ్లలో దాదాపు సగం అక్కడివే. అంటే వాళ్ళ కామారెడ్డి, వాళ్ళ బాన్సువాడ అన్నమాట. దుకాణాల్లో తురిమిన గోబి పువ్వు పొట్లాల మీద 'కాలీఫ్లవర్ రైస్' అని రాసి అమ్ముతుంటే అక్కడి వరి రైతులకు మండింది. 2019లో చట్టమే తెచ్చారు: వరి కానిదాన్ని రైస్ అని పేరు పెట్టి అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. మన రైతులు మద్దతు ధర కోసం రోడ్డెక్కుతారు, బోనస్ కోసం రోడ్డెక్కుతారు. పేరు కోసం రోడ్డెక్కిన రైతును మాత్రం నేను ఇంకా చూడలేదు. మా బావ ఎక్కడు గాక ఎక్కడు, ముద్దాయి ఆయనే కాబట్టి.

గోబి పువ్వు కట్టింది బియ్యం వేషం. వేషం కట్టడం తప్పు కాదు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా చిందు భాగవత కళాకారిణి చిందుల ఎల్లమ్మ మగ వేషం కట్టి ఆడితే ఊళ్ళకు ఊళ్ళు రాత్రంతా కూర్చుని చూశాయి. కానీ ఆమె వేషం విప్పాక ఎల్లమ్మే. గోబి పువ్వుకు ఆ సుఖం కూడా లేదు. కూరగా ఉంటే మెతుకుల మీద గరిటెడు పడుతుంది. అన్నమైతేనే పళ్ళెం నిండా చోటు దొరుకుతుంది. మన ఇళ్ళలో కూరగాయకు గౌరవం రావాలంటే అది కూరగాయ కావడం మానెయ్యాలి.

కూరగాయల్లోనూ కులాలున్నాయి. గోబి పువ్వు బియ్యమవుతున్న ఇదే కాలంలో ఆలుగడ్డ దర్జాగా కూరగాయల లిస్టులో కూర్చున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటూ, ఆలుగడ్డ, కందగడ్డ అందులో లెక్కకు రావని చెప్పింది. మన ఫంక్షన్లలో పూరీలోకి ఆలు కుర్మా, బగారన్నంలోకి ఆలు ఫ్రై, చివర్న డబల్ కా మీఠా. పిండిలోకి పిండి నంజుకుని, పిండితో ముగించి, "కూరగాయలే తిన్న" అని చెప్పుకుంటాం.

సాయంత్రం నాలుగింటికి బావ కనిపించలేదు. నేను వెతకలేదు, ఎక్కడుంటాడో తెలుసు. బస్టాండు పక్క బండి దగ్గర మిర్చి బజ్జీలు నాలుగు, ఉల్లిగడ్డ ముక్కలు, ఆపైన చాయ్. చాయ్‌లో చక్కెర లేదు, "బెల్లం చాయే" అని నాకు ధైర్యం చెప్పాడు. ఒకప్పుడు కామారెడ్డి అంటే బెల్లం మార్కెట్. ఆ అభిమానం నాకూ ఉంది గాని, సుగరు మిషన్‌కు లేదు. 2025 ఆగస్టు 27న అంత వాన పడి, అంత వరద వచ్చినా, 1922లో కట్టిన పోచారం కట్ట నిలబడింది. మా బావ నిగ్రహం కట్టింది ఆ పొద్దున్నే, తెగింది నాలుగింటికి. అయినా ఆయన్ని మాత్రం ఏమనాలి? మధ్యాహ్నం తిన్నది చాలావరకు నీళ్ళే. కడుపుకు వీడియోలు చూడడం రాదు.

ఇదంతా ఒక మూల కూర్చుని చూస్తున్నది అత్తమ్మ, బావ వాళ్ళమ్మ. ఎనభై దాటింది. సుగరు లేదు, పళ్ళు లేవు, ఫోన్ లేదు. రాత్రి సొరకాయ తురిమి, బియ్యప్పిండిలో కలిపి, నువ్వులు, పల్లీలు, కరేపాకు వేసి సర్వపిండి ఒత్తమని అక్కకు చెప్పింది. గంజులో చేత్తో పల్చగా ఒత్తి, నాలుగు బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి మూత పెట్టారు. నేను ఆశపడి, "అత్తమ్మా, ఇది గూడ బియ్యం తగ్గించుకునే వంటే గద, నువ్వు ఎప్పుడో కనిపెట్టినవ్" అన్నాను.

"కనిపెట్టుడు గాదు బిడ్డా," అంది. "పిండి లేక కాయ కలిపినం. ఆర్గురు పిల్లలు, సోలెడు పిండి. కాయ గలిపితే ఆరు రొట్టెలైతయ్. మీరు పిండి ఎక్కువయి కాయ తింటున్నరు."

ఆమె చిన్నప్పుడు వరి బువ్వ పండుగకు. మిగతా రోజులు జొన్నరొట్టె, మక్క గట్క, అంబలి. ఎన్టీ రామారావు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక రోజూ పండుగే అయింది. ఇప్పుడు రేషన్ దుకాణంలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం, పైసా లేకుండా. వరి బువ్వ తినడమే గొప్ప అనుకున్న ఇంట్లో, వరి బువ్వ తినకపోవడం గొప్ప కావడానికి పట్టింది నలభై ఏళ్ళు.

బావ సర్వపిండి ముక్క మీద చెయ్యి వెయ్యబోయి, నా మొహం చూసి ఆగాడు. అత్తమ్మ ఊరుకోలేదు. "నీ తప్పేందో చెప్పన్నా? బువ్వల కూర కలుపుకుంటున్నవ్. కూరల బువ్వ కలుపుకో. గిన్ని వేషాలెందుకు?"

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో పళ్ళెం బొమ్మ వేసి ఇదే చెప్పింది. రెండు వేల కేలరీల మనిషికి రోజు మొత్తానికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. గింజ తక్కువ, కాయ ఎక్కువ. బావ పూటకే పావు కిలో బియ్యం లాగించేవాడు, కూర గరిటెడు. ఆ గరిటెడును నాలుగు గరిటెలు చేసి, బియ్యాన్ని సగం చెయ్యమంటే ఆయనకు నచ్చదు. అందులో కొత్త ఏముంది, వీడియో ఎవరు తీస్తారు? గోబి పువ్వును టమాటాతో కూర వండితే అది పథ్యం కాదట, ఊరికే కూరట.

తిరిగొచ్చే పొద్దు బావ గేటు దాకా వచ్చి, యాసంగిలో అరెకరం గోబి వేద్దామనుకుంటున్నానని గుసగుసగా చెప్పాడు. "దేశమంతా గిదే తింటున్నరట గద బామ్మర్దీ, రేటు ఎట్లుంటది?" అని అడిగాడు.

ఏ గ్రేడు వడ్లకు 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. గోబి పువ్వుకు మద్దతు ధర లేదు.