ష్... బాపు పండుకున్నడు

గాంధీనగర్‌లో 2025 సెప్టెంబరులో మన రోజుకు మూడు గంటలు కలిపారు. జులై 1న ఆర్డినెన్సుగా వచ్చింది, తర్వాత బిల్లుగా గుజరాత్ అసెంబ్లీ గడప దాటింది. ఫ్యాక్టరీలో తొమ్మిది గంటల పని ఇక పన్నెండు దాకా పోవచ్చన్నారు. మీరు చదివే ఉంటారు, సూరత్ పక్కన కడోదరా చౌరస్తాలో చాయ్ కొడుతూ తిట్టే ఉంటారు. తిట్టే తొందరలో రెండో వాక్యం వదిలేసినట్టున్నారు. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంచారు మహాప్రభో! పన్నెండుతో భాగించండి. నాలుగు. అంటే వారంలో మూడు రోజులు ఖాళీ. పిల్లలతో గడపమని సర్కారు వారు చేతిలో పెట్టిన మూడు రోజులు.

నాకైతే కళ్లు చెమర్చాయి. వెంటనే కాగితం, పెన్ను తీసి వచ్చే వేసవికి లెక్క వేశాను. బడికి 35 రోజుల సెలవులు, అంటే అయిదు వారాలు. వారానికి మూడు చొప్పున నాన్నకు, మా మాటలో బాపుకు, పదిహేను రోజులు. డుమస్ సముద్రం ఒక రోజు, సర్థాణా జూ ఒక రోజు, గోపీ తలావ్ ఒక సాయంత్రం. ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోతే ఖర్చు బస్సు కిరాయి, టికెట్లే. ఆ కాగితం పట్టుకుని మా గల్లీలో సాంచెలు, అదే మరమగ్గాలు, నడిపే ఒకాయనకు చూపించాను. ఆయన మర్యాదస్తుడు, కాసేపు ఆగి నవ్వాడు.

"పన్నెండు గంటలు కొత్తగ ఇచ్చుడేంది సారూ? మాకు పద్దెనిమిదేండ్ల సంది ఉన్నయి గద."

మరి మూడు రోజుల సెలవు?

"మూడు రోజులు సాంచె బందువెడితె మీటర్లు ఎవలు నేస్తరు? మీటరుకే గద పైసలు."

సరే, కాగితం తిరగేశాను. మెలకువగా ఉన్న తండ్రి దొరకనప్పుడు, దొరికే తండ్రితోనే కార్యక్రమం వేసుకోవాలి. రాత్రి పాళీ చేసే బాపు పొద్దున ఏడుకు దిగి, ఇంటికొచ్చి, ఇంత తిని ఎనిమిదింటికల్లా పడుకుంటాడు. సాయంత్రం అయిదు దాకా ఇంట్లోనే, పిల్లల కళ్ల ముందే ఉంటాడు. తొమ్మిది గంటల పాటు కదలకుండా, ఫోన్ చూడకుండా పిల్లలకు అందుబాటులో ఉండే తండ్రి ఏ కోటీశ్వరుల ఇంట్లో ఉన్నాడు చెప్పండి? కనుక సభాముఖంగా ప్రకటిస్తున్నాను: నిద్రపోయే బాపు వేసవి శిబిరం. వేదిక, రేకుల కప్పు కింద ఒక్క గది. రుసుము లేదు. సామగ్రి, ఒక బాపు.

మొదటి పాఠం మౌనం. దానికి గురువు అమ్మ. గుమ్మంలో చెప్పు చప్పుడైతే చాలు, పెదవి మీద వేలు: "ష్... బాపు పండుకున్నడు." యోగా శిబిరాలకు వేలు పోసినా రాని నిగ్రహం మన పిల్లలకు మే నెల మొదటి వారంలోనే పట్టుబడుతుంది. అమ్మ విజిల్ రాకముందే కుక్కర్ దించేస్తుంది. ఏ క్షణాన దించాలో ఆవిడకు ఎలా తెలుస్తుందో నాకైతే అర్థం కాలేదు. పప్పు మాత్రం పలుకుగా ఉంటుంది.

తర్వాత నాటక శిక్షణ. టీవీలో బాలకృష్ణ సినిమా పెట్టి శబ్దం పూర్తిగా తీసేయాలి. ఆయన పెదాలను బట్టి డైలాగు గుసగుసగా చెప్పాలి. గుసగుసగా తొడ కొట్టడం కూడా సాధ్యమేనని మా గల్లీలో ఒక తొమ్మిదేళ్ల పిల్ల నిరూపించింది.

భూగోళానికి సుద్దముక్క చాలు. నేల మీద పడుకున్న బాపు చుట్టూ గీత గీయాలి. మోకాళ్లు ముడిస్తే ఉమ్మడి రాష్ట్రం, చాపితే విభజన. ఇక సైన్సు. తల వెంట్రుకల్లో, చెవి వెనక, కనుబొమ్మల్లో చిక్కుకున్న నూగును నిద్ర చెడకుండా రెండు వేళ్లతో తీయాలి. ఎక్కువ తీసినవాళ్లు గెలిచినట్టు. ఆ నూగు రంగు చూసి కార్ఖానాలో ఏ రంగు దారం నడుస్తోందో చెప్పగలిగితే అదనపు మార్కులు.

కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. ఒకాయన గాఢ నిద్రలో ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే కదులుతున్నాయి. రాసుకుంటున్నాయి, మెలి తిప్పుతున్నాయి, లాగుతున్నాయి. తెగిన పోగు ముడివేస్తున్నాడు. పక్కన కూర్చున్న కూతురు అవే వేళ్లతో, అదే వరుసలో గాలిలో ముడి వేస్తోంది. కులవిద్య అంటే ఏమో అనుకున్నాను. ఒక్క మాట లేకుండా, గురువుకు తెలియకుండా కూడా అందుతుంది.

పగటి పాళీ ఇళ్ల పిల్లలు బెంగపడనక్కర్లేదు. వాళ్ల బాపు రాత్రి వాళ్లు నిద్రపోయాక వస్తాడు కాబట్టి, పగలు రాత్రి పాళీ వాళ్ల ఇంటికొచ్చి అక్కడి బాపును చూసిపోవచ్చు. పాళీ మారినప్పుడు వీళ్లు వాళ్లింటికి. ఆడవాళ్లకూ రాత్రి పాళీకి ఈ బిల్లే దారి తీసింది కనుక, ముందు ముందు అమ్మ కూడా పగలు పడుకుంటే శిబిరం రెండింతలవుతుంది. అప్పుడు ష్ అనడానికి ఎవరుంటారన్నది సర్కారు నిబంధనల్లో చూసుకోవాలి.

ఎదిగే పిల్లలతో మనసు విప్పి మాట్లాడండి అని నిపుణులు అంటారు. పద్దెనిమిదేళ్లు సాంచెల మధ్య నిలబడ్డవాడికి ఆ సలహా ఇవ్వకండి. ఇంటికొచ్చినా చెవిలో సాంచె ఆడుతూనే ఉంటుంది. "అన్నం తిన్నవా బిడ్డా" అని ప్రేమగా అడిగితే నాలుగిళ్ల అవతల వినబడుతుంది, పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరుగుతుంది. ఏం తప్పు చేశానా అని ఇద్దరూ ఆలోచిస్తారు. దానికన్నా పడుకున్న బాపే నయం.

మరి తండ్రికి పిల్లలు ఎలా తెలుస్తారు? అడ్డంగా. పగటి పాళీ దిగి వచ్చేసరికి చాప మీద పడి ఉంటారు. నేతగాడు బట్టను కొలిచినట్టే కొలుస్తాడు, తల నుంచి కాలి దాకా, జానలతో.

ఒక మే నెలలో సూరత్ స్టేషన్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కోసం టికెట్ వరుసలో నిలబడ్డాను. నా ముందున్నాయన ఏళ్ల తర్వాత ఊరికి పోతున్నాడు. "వరంగల్, జనరల్, రెండు ఫుల్లు, ఒక ఆఫ్" అన్నాడు. పిల్లాడి వయసెంత అని కౌంటర్లోంచి అడిగారు. "పదకొండు" అన్నాడాయన, కచ్చితంగా. అబద్ధమాడుతున్న గొంతు కాదది. వెనక నుంచి కొడుకు మెల్లగా అన్నాడు: "బాపూ, నాకు పదమూడు." ఆయన వెనక్కి తిరిగాడు. పిల్లాడు నిలబడి ఉన్నాడు. ఆయన చూపు పిల్లాడి తల మీదికి పోయి, మళ్లీ కాళ్ల దాకా దిగింది. "గింత పొడుగు ఎప్పుడైనవ్‌రా?" అన్నాడు. వరుసలో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మూడో టికెట్‌కు డబ్బులు లెక్కపెడుతుంటే చిల్లర రెండుసార్లు కింద పడింది.

ఇక శిబిరం చాలించి ఒక మాట అడుగుతాను. కడోదరా నుంచి బస్సెక్కితే బార్డోలీ దగ్గరే. అక్కడి రైతుల మీద శిస్తు 22 శాతం పెంచారు. 1928లో వాళ్లు కట్టం అన్నారు, పశువులను తోలుకుపోయినా కట్టలేదు. ఆ పోరాటమే వల్లభ్‌భాయ్ పటేల్‌ను సర్దార్‌ను చేసింది. తొమ్మిది నుంచి పన్నెండంటే పెంపు 33 శాతం. సర్దార్ విగ్రహం కట్టిన రాష్ట్రంలోనే, ఆ ఊరి పక్కనే, దీన్ని పెట్టుబడికి స్వాగతం అన్నారు. మన తెలుగు రాష్ట్రాలు పెద్ద తేడా ఏం కాదు, 2025 జూన్, జులైలలోనే రెండూ పది గంటలకు తలుపు తీశాయి. పద్దెనిమిదేళ్లుగా పన్నెండు గంటలు నిలబెట్టి పని చేయిస్తే అడ్డుకోవాల్సిన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వచ్చింది. ఒక్కనాడు వచ్చి చూడలేదు. చివరికి వచ్చింది, నేరాన్ని ఆపడానికి కాదు, నేరానికి ముద్ర వేయడానికి. దొంగిలించిన గంటలు తిరిగి ఇవ్వకపోతే పోయె, దొంగతనానికి రసీదు రాసి ఆ రసీదు మీద మనల్నే సంతకం పెట్టమన్నారు!

అవును, సంతకం. కార్మికుడి రాతపూర్వక సమ్మతి లేనిదే పన్నెండు గంటలు చేయించరాదన్నారు. ఆ కాగితం గుజరాతీలో ఉంటుంది. బాపుకు గుజరాతీ చదవడం రాదు. బడికి పోయే కొడుక్కు వచ్చు. ఒక సాయంత్రం పాళీకి బయల్దేరే ముందు తండ్రీకొడుకులు గుమ్మంలో వెలుతురుకు కూర్చుంటారు. ఒకే కాగితం మీద రెండు తలలు. కొడుకు ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదువుతాడు, తెలుగులో చెబుతాడు. సమ్మతి దగ్గర ఆగడు, ఆ మాట గుజరాతీలోనూ సమ్మతే.

"అయిపోయిందా?"

"అయిపోయింది బాపూ. ఈడ సంతకం పెట్టు."

"ఏడ?"

"ఈడ."